కుడివైపు జారిన ఇంప్లాంట్: నా రెండో ఆపరేషన్ అనుభవం

నా కుడి రొమ్ములో పెట్టిన సిలికాన్ ఇంప్లాంట్ తన చోటు వదిలి కదిలిందన్న సంగతి నాకు మొదట తెలిసింది జాకెట్టు వల్ల. 2021 దసరాకు, సికింద్రాబాద్ వారాసిగూడలో మేము ఎప్పుడూ కుట్టించుకునే ఆమె దగ్గర పట్టు జాకెట్టు వేసి చూసుకున్నప్పుడు ఎడమవైపు సరిగ్గా కూర్చుంది. కుడివైపు మాత్రం పైన బట్ట వదులై ముడతలు పడి, కింద చంక పక్కన కుట్లు పిగిలిపోయేంత బిగుతుగా పట్టింది. ఆమె రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. మూడోసారి కర్టెన్ దగ్గరగా లాగి, బయట కూర్చున్నవాళ్లకు వినపడనంత మెల్లగా, "కొలత తప్పు కాదక్కా, ఆ పక్క మీకే కిందికి దిగింది. ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి" అంది. ఆమెకు నా ఆపరేషన్ సంగతి తెలియదు. ఆ మాట విన్న తరువాత కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

పదమూడు పద్నాలుగేళ్ల వయసు నుంచే నా రొమ్ములు రెండూ ఒకేలా ఎదగలేదు. ఎడమది మామూలుగా పెరిగింది. కుడిది చాలా చిన్నగా, కింది భాగం విచ్చుకోకుండా ఉండిపోయింది. కొద్దిపాటి తేడా చాలామంది స్త్రీలకు ఉంటుందని ఇప్పుడు తెలుసు గానీ, నాది పమిట కింద దాగే తేడా కాదు. డిగ్రీలో చేరినప్పటి నుంచి కుడివైపు దూది, ఆ తరువాత స్పాంజి ముక్క పెట్టుకుని తిరిగాను. ఉద్యోగం వచ్చాక జీతంలో దాచుకున్న డబ్బుతో 2014 ఫిబ్రవరిలో, 27 ఏళ్ల వయసులో, నగరంలోనే ఒక ఆసుపత్రిలో రెండు వైపులా సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. మా అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడాది పెళ్లి కుదిరినప్పుడు మా ఆయనకు చెప్పాను. అత్తవారింట్లో ఇంకెవరికీ తెలియదు. 2017లో పాప పుట్టింది, పాలు కూడా ఇచ్చాను. ఆ మొదటి ఆపరేషన్ చేయించుకున్నందుకు నేను ఏనాడూ బాధపడలేదని ఇక్కడే చెప్పాలి. ఏడేళ్లపాటు అద్దం ముందు నిండుగా నిలబడగలిగాను, ఆ ఏడేళ్లు నాకు విలువైనవి.

జాకెట్టు కుట్టే ఆమె చెప్పిన తరువాత అద్దంలో వెతికి చూసుకోవడం మొదలుపెట్టాను. నిలబడినప్పుడు కుడి చనుమొన కొంచెం పైకి తిరిగినట్టు కనిపించేది. మొదటి ఆపరేషన్ మచ్చ రొమ్ము కింది మడతలో దాగి ఉండాలి. ఎడమవైపు అలాగే ఉంది గానీ, కుడివైపు మచ్చ మడతను వదిలి రెండు వేళ్ల వెడల్పు పైకి, రొమ్ము మీదికి వచ్చింది. మచ్చ పైకి పాకలేదనీ, ఇంప్లాంట్ బరువుకు మడతే కిందికి దిగిపోయిందనీ తరువాత డాక్టర్ చెప్పారు. వెల్లకిలా పడుకుంటే కుడి ఇంప్లాంట్ మెల్లగా చంక వైపు ఒరిగిపోయేది, చెయ్యి ఒంటికి ఆనించి పడుకోలేకపోయేదాన్ని. ఆఫీసుకు వెళ్లే దారిలో ఆటో గుంతలో పడ్డ ప్రతిసారీ కుడి మోచేతితో పక్క నుంచి అదిమి పట్టుకునే అలవాటు అయింది. ఆ అలవాటును నేను గమనించనే లేదు. ఒకరోజు ఆటోలో పక్కన కూర్చున్న పాప "అమ్మా, నీకు అక్కడ నొప్పా?" అని అడిగినప్పుడు చెయ్యి తీసేశాను. ఆ రాత్రే అక్కకు ఫోన్ చేశాను.

అంతవరకు ఎందుకు ఆగానంటే, "కావాలని పెట్టించుకున్నావు కదా, ఇప్పుడు అనుభవించు" అని ఎవరైనా అంటారన్న భయం. నిజానికి ఆ మాట ఎవరూ అనలేదు. రోజూ నాకు నేనే అనుకున్నాను.

అక్క నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న, లోపల ఉన్నది ఏ కంపెనీది, ఎంత సైజు అని. నా దగ్గర జవాబు లేదు. దాని పైపొర నునుపుగా ఉంటుందో గరుకుగా ఉంటుందో, కండరం కింద పెట్టారో పైన పెట్టారో కూడా నాకు తెలియదు. దాచుకున్న డిశ్చార్జ్ కాగితంలో రెండు వైపులా ఇంప్లాంట్లు అమర్చినట్టు ఒక్క వాక్యం ఉంది, అంతే. 2022 డిసెంబరులో అక్కా నేనూ ఆ ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఎప్పుడో మానేసి వెళ్లిపోయారు. రికార్డుల గదిలో ఉన్న ఆయన నా పేరు రెండు రకాలుగా కొట్టి చూసి, అంత పాతవి ఉంచరమ్మా అన్నారు. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నాది దాదాపు తొమ్మిదేళ్ల కిందటి సంగతి కాబట్టి వాళ్లను గట్టిగా అడిగే దారి కూడా లేకపోయింది. పదేళ్లో పదిహేనేళ్లో ఒంట్లో ఉండబోయే వస్తువు వివరాలు మూడేళ్లు గడిచాక చిత్తు కాగితాలతో పోవచ్చన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రతి ఇంప్లాంట్ డబ్బాలోనూ స్టిక్కర్లు వస్తాయి. వాటి మీద కంపెనీ, మోడల్, ఎన్ని సీసీలు, సీరియల్ నంబరు, లాట్ నంబరు ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అతికించాలి, ఇంకొకటి రోగి చేతికిచ్చే కార్డు మీద. 2014లో నాకు ఆ కార్డు ఇవ్వలేదు, అలాంటిది ఒకటి ఉంటుందని తెలియక నేనూ అడగలేదు. ఆ కార్డు విలువ నాకు ఆ చలికాలంలో తెలిసింది. 2019 జూలైలో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కోరడంతో ఒక కంపెనీ గరుకు పైపొర ఉన్న ఒక రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే పొరలో వచ్చే అరుదైన లింఫోమా ఆ రకంతో ఎక్కువగా ముడిపడి ఉండటమే కారణం. అది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన క్యాన్సర్. చాలా అరుదని తెలిసినా, నాది ఆ రకమో కాదో చెప్పగలిగేవారు ఎవరూ లేరన్న ఆలోచన రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు.

మొదట చూపించుకున్న చోట పది నిమిషాల్లో తేల్చేశారు. పాతవి తీసి ఇంకా పెద్దవి పెడితే చర్మం నిండి అంతా సర్దుకుంటుందన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. రెండోసారి వెళ్లేముందు డాక్టర్ చదువు చూసుకున్నాం. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. అనే పై డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉందా అని అక్క ఒక్కొక్కటీ వెతికింది. అలా బంజారాహిల్స్‌లో ఒక మహిళా సర్జన్ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ ముందు మాట్లాడనిచ్చారు, తరువాత టేపు తీశారు. చర్మాన్ని కొంచెం సాగదీసి, చనుమొన నుంచి కింది మడత దాకా కొలిస్తే ఎడమవైపు 8 సెంటీమీటర్లు, కుడివైపు 11 వచ్చింది. పడుకోబెట్టి ఇంప్లాంట్ చంక వైపు ఎంత దూరం పోతోందో చూశారు. తరువాత నిలబెట్టి, రెండు చేతులూ నడుము మీద పెట్టి గట్టిగా నొక్కమన్నారు. నొక్కగానే కుడి ఇంప్లాంట్ నా కళ్ల ముందే కిందికీ పక్కకూ కదిలింది. "అయితే కండరం కిందే పెట్టారమ్మా" అన్నారు ఆవిడ, రాసుకుంటూ. తొమ్మిదేళ్ల తరువాత నా ఒంటి గురించి నాకు తెలిసిన మొదటి నిజం అది.

ఇంప్లాంట్ ఎందుకు కదులుతుందో ఆవిడ చెప్పిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. బయటి వస్తువు ఏది లోపల పెట్టినా శరీరం దాని చుట్టూ ఒక సన్నని పొర అల్లుతుంది, దాన్నే కాప్సూల్ అంటారు. ఆ పొరే ఇంప్లాంట్ ఉండే గది. అది బిగుసుకుపోతే రొమ్ము గట్టిపడి ఇంప్లాంట్ పైకి జరగవచ్చు, సాగిపోతే జారుతుంది. "దిండు చిన్నదై గలీబు పెద్దదైతే దిండు ఒక మూలకు పోతుంది కదమ్మా, మీకు జరిగింది అదే. ఇంకా పెద్ద దిండు పెడితే గలీబు ఇంకా సాగుతుంది" అన్నారు. నా కుడి రొమ్ము కింది భాగం పుట్టుకతోనే పొట్టిగా ఉండటంతో, ఇంప్లాంట్‌కు చోటు చేయడానికి మొదటి ఆపరేషన్‌లో సహజమైన మడతను విడదీసి కిందికి దించి ఉంటారనీ, తేడా పూడ్చడానికి కుడివైపు పెద్దది పెట్టి ఉంటారనీ ఆవిడ ఊహించారు. అంటే బలం తక్కువ ఉన్న వైపే బరువు ఎక్కువ పడింది. పైన కండరం బిగిసిన ప్రతిసారీ దాన్ని కిందికీ బయటికీ నెడుతూ ఉంటుంది. కాన్పు, పాలివ్వడం, ఆ తరువాత నేను తగ్గిన తొమ్మిది కిలోలు చర్మాన్ని ఇంకా వదులు చేశాయి.

పాపను చంకనెత్తుకున్నందుకు ఇలా అయిందా, ఒక పక్కకే పడుకున్నందుకా అని అడిగాను. అలాంటివేవీ కారణం కాదని ఆవిడ ఏమాత్రం తడబడకుండా చెప్పారు. నేను అక్కడే ఏడ్చాను. మరి డాక్టర్ తప్పా అని అక్క అడిగితే, "లోపల చూడకుండా తోటి డాక్టర్ మీద మాట అనను" అన్నారు. ఆ జవాబుతో ఆవిడ మీద నా గౌరవం పెరిగింది.

రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండా రొమ్ము ఎంఆర్ఐ రాశారు. బోర్లా పడుకుని, రెండు గుంతల్లాంటి చోట్ల రొమ్ములను వదిలి, అరగంటకు పైగా కదలకుండా ఉండాలి. నాకు నొప్పి లేదు గానీ, పక్కటెముకల మీద బరువు పడి చివరి పది నిమిషాలు కష్టమైంది. ఇంప్లాంట్లు రెండూ చిరగలేదనీ, చుట్టూ నీరు చేరలేదనీ రిపోర్టు వచ్చింది. సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఏ బాధా లేకపోయినా ఆపరేషన్ అయిన 5–6 ఏళ్లకు మొదటిసారి, ఆ తరువాత 2–3 ఏళ్లకొకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ 2020 నుంచి చెబుతోంది. లోపల చిరిగినా చిక్కటి జెల్ అక్కడే ఉండిపోయి, బయటికి ఏమీ తెలియకపోవచ్చు. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి తొమ్మిదేళ్లలో ఒక్క స్కానూ చేయించుకోలేదు.

డాక్టర్ మూడు దారులు చెప్పారు. ఉన్న ఇంప్లాంట్లనే ఉంచి గదిని కుట్టి బిగించడం ఒకటి, గదిని బిగించి చిన్న ఇంప్లాంట్లు పెట్టడం రెండోది, రెండూ తీసేసి ఇక పెట్టకపోవడం మూడోది. మూడో దారి గురించి నేను నెల రోజులు ఆలోచించాను. అదే అన్నిటికంటే సులువైన ఆపరేషన్, మళ్ళీ జారడమన్న సమస్యే ఉండదు. మా ఆయన కూడా "నాకు నువ్వు బాగుంటే చాలు, తీసేయించుకున్నా సరే" అన్నారు. కానీ దూది ముక్కతో కాలేజీకి వెళ్లిన ఆ రోజులకు తిరిగి వెళ్లాలని నాకు లేదు. రెండో దారి ఎంచుకున్నాను. మళ్ళీ జారే అవకాశం కొంత ఉంటుందనీ, అసలు జారదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దనీ ఆవిడ చెప్పి, అదే మాట సమ్మతి పత్రంలో కూడా రాయించారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మొత్తం 3,10,000 రూపాయలు అయింది. ఆరోగ్య బీమా ఇవ్వలేదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణం, వైద్యపరంగా తప్పనిసరి అయినవి తప్ప ప్లాస్టిక్ సర్జరీ పాలసీలో మినహాయింపు కిందికి వస్తుంది. సౌందర్య శస్త్రచికిత్సకు 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. పుట్టుకతో గానీ ఎదుగుదలలో గానీ వచ్చిన లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ పన్ను ఉండదు. అయితే నా మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో రుజువు చూపే కాగితం ఏదీ నా దగ్గర లేదు.

2023 జూన్ 2న ఆపరేషన్. రెండు వారాల ముందు నుంచి ఆస్పిరిన్, విటమిన్ ఇ వంటివి వద్దన్నారు. రక్త పరీక్షలు, ఈసీజీ, అనస్థీషియా డాక్టర్ చూడటం ముందే అయిపోయాయి. ఆ ఉదయం నన్ను నిలబెట్టి ఊదారంగు మార్కర్‌తో గీతలు గీశారు. ముందు మెడ గుంట నుంచి బొడ్డు వైపు ఒక నిలువు గీత, తరువాత ఎడమ మడత, దానికి సమానంగా కుడి మడత ఎక్కడ ఉండాలో అక్కడ ఇంకొక గీత. ఆ కొత్త గీత ఇప్పటి మడతకు చాలా పైన ఉంది. పడుకుంటే అన్నీ మారిపోతాయి కాబట్టి ఈ గీతలు నిలబడినప్పుడే గీయాలట. నేను తల వంచి ఆ రెండు గీతల మధ్య దూరం చూస్తూ ఉండిపోయాను. అంత దూరం దిగిందని అద్దంలో ఎన్నడూ అనిపించలేదు.

లోపల చేసింది తరువాత వివరించారు. పాత మచ్చ దగ్గరే కోశారు. కుడివైపు సాగిపోయిన కాప్సూల్‌లో కింది, బయటి భాగాలను కొంత కత్తిరించి, మిగిలిన పొరను కరగని దారంతో వరసలుగా పక్కటెముకల మీది గట్టి పొరకు కుట్టారు. ఇలా కాప్సూల్‌ను కుట్టి గదిని బిగించడాన్ని కాప్సులోరఫీ అంటారు. పైన, లోపలి పక్క మాత్రం గదిని కొంచెం తెరిచారు. కొత్తవి పెట్టేముందు కొలత ఇంప్లాంట్లు పెట్టి, మత్తులో ఉన్న నన్ను టేబుల్‌తో సహా కూర్చున్నట్టు లేపి, రెండు వైపులా సరిపోయాయో లేదో చూశారట. రెండున్నర గంటలు పట్టింది.

సాయంత్రం ఆవిడ ఒక పారదర్శకమైన డబ్బా తెచ్చి నా మంచం పక్కన పెట్టారు. తీసేసిన ఇంప్లాంట్లు చూపించమని నేనే ముందుగా అడిగాను. రెండూ చెక్కుచెదరకుండా, కొద్దిగా పసుపు తిరిగి ఉన్నాయి. గ్లవ్స్ వేసుకుని వెనక్కి తిప్పి చూపించారు. నునుపు పైపొర. వెనుక గుండ్రటి చోట కంపెనీ పేరు, సీరియల్ నంబరు, ఎడమదాని మీద 225 సీసీ, కుడిదాని మీద 325 సీసీ. నాకు గ్లవ్స్ ఇచ్చి, కుడిదాన్ని అరచేతిలో పెట్టారు. కిలోలో మూడో వంతు బరువు. దాని బరువుకు నా చెయ్యి మంచం మీదికి వాలింది. తొమ్మిదేళ్లుగా నాలో భాగమై ఉన్నదాని పేరూ కొలతా నేను చదవడం అదే మొదటిసారి. గరుకు రకం కాదని తెలిసిన క్షణంలో కలిగిన నిశ్చింతను మాటల్లో పెట్టలేను. కాప్సూల్ ముక్కలను పరీక్షకు పంపారు, వారం తరువాత అంతా మామూలేనని వచ్చింది. కొత్తవి కుడివైపు 240, ఎడమవైపు 180. రెండింటి మధ్య కాస్త తేడా మిగులుతుందని ముందే ఒప్పుకున్నాను.

నొప్పి మొదటి ఆపరేషన్ కంటే వేరుగా ఉంది. అప్పుడు ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండేది. ఇప్పుడు పక్కటెముకకు కుట్టిన చోట, దగ్గినా గట్టిగా ఊపిరి పీల్చినా చురుక్కుమనేది, అలా రెండు వారాలు. కుడివైపు లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే గొట్టం, డ్రెయిన్, ఉంది. అక్క రోజూ ఉదయం దాన్ని కొలగ్లాసులో వంచి, పాప పాత నోటు పుస్తకంలో 60, 45, 30, 20 అని మిల్లీలీటర్లు రాసింది. అయిదో రోజు తీసేశారు. ఆరు వారాలు వైరు లేని బిగుతు బ్రా రాత్రీ పగలూ వేసుకోవాలి, వెల్లకిలా దిండ్ల మీదే పడుకోవాలి, బరువులు ఎత్తకూడదు, చేతులు భుజాల కంటే పైకి లేపకూడదు. అన్నిటికంటే జడ వేసుకోలేకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అక్క వెళ్లిపోయాక మా ఆయన నేర్చుకుని వేశారు.

ఆరో వారంలో లష్కర్ బోనాలు వచ్చాయి. మా ఇంట్లో ప్రతి ఏడూ బోనం నేనే ఎత్తుకుంటాను. చిన్న గడ్డ తీయించుకున్నానని మాత్రమే అత్తమ్మకు చెప్పి ఉంచాం. ముందురోజు సాయంత్రం కుండకు పసుపు, కుంకుమ పెడుతూ, "ఏమైంది బిడ్డా, ఇంకా చెయ్యి లేస్తలేదా?" అని అడిగారు. ఇక అబద్ధం చెప్పలేకపోయాను. స్పాంజి ముక్క దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆవిడ కుండ పక్కన పెట్టి, పసుపు చేతులు అలాగే పట్టుకుని విన్నారు. "గింత బాధ కడుపుల పెట్టుకున్నవా బిడ్డా" అన్నారు. కాసేపటికి, "బోనం నేనెత్తుకుంట, నువ్వు వేపమండ పట్టుకొని ఎనుక నడువు" అన్నారు. అలాగే నడిచాను.

మొదట కుడివైపు ఎత్తుగా, గట్టిగా కనిపించి భయపడ్డాను గానీ, డాక్టర్ ముందే చెప్పినట్టు మూడో నెలకు మెత్తబడి సర్దుకుంది. 2024 జూన్‌లో మళ్ళీ టేపుతో కొలిచారు. ఎడమ 7.5, కుడి 8. వెల్లకిలా పడుకుంటే ఇప్పటికీ రెండూ కొద్దిగా పక్కకు ఒరుగుతాయి, అది సహజమేనట. ఆటోలో చెయ్యి నా ఒళ్లోనే ఉంటోంది.

ఈసారి కార్డులు రెండూ చేతికి తీసుకునే డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టాను. అవి బీరువాలో ఇంటి పత్రాల ఫైలులో ఉన్నాయి, ఫొటోలు అక్క ఫోన్‌లోనూ మా ఆయన ఫోన్‌లోనూ ఉన్నాయి. కండరం కింద, నునుపు రకం, కుడి 240, ఎడమ 180 అని కార్డు వెనుక నా చేతిరాతతో రాసుకున్నాను. దాని కిందే తరువాతి ఎంఆర్ఐ 2028 జూన్ అని రాశాను.